అందరూ పట్టే ఓడ

నేను ఒక చచ్చిపోయిన మనిషి చేతి పొడుగును. భయపడకండి, చేతిని కాను. మోచేతి మొన నుంచి నడిమివేలి కొస దాకా ఎంతుంటుందో అంతకి కోసిన టేకు కర్రని. పూలమ్మాయి మోచెయ్యి చాపి మల్లెదండ కొలిచి ఇస్తుంది చూడండి, ఆ మూరని నేను.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట బలుసురేవు అని ఓ ఊరుండేది. అక్కడ ఏటిపక్కన తవ్విన లోతైన గోదీలో ఓడలు కట్టేవారు. ఏ ఓడకా ఓడకి కొత్త కొలకర్ర కొయ్యడం ఆ ఊరి ఆచారం. ఎవరు కట్టించుకుంటే వాళ్ల చేతి మూరే ఆ ఓడకి కొలత. అలా కడితే ఓడ తన మనిషిని ఎరుగుతుందని, ఎంత గాలిలోనూ విడిచిపెట్టదని నమ్మేవారు. మనుషులు సముద్రాన్ని నమ్మరు, ఓడని నమ్మరు, కర్రముక్కని మాత్రం నమ్ముతారు. నాకేం, గౌరవమే.

నేను ఎవరి మూరనో ఆయన పేరు గ్రంధి సోమలింగం. రంగూను వెళ్లి టేకు తెచ్చే ఓడ ఒకటుండేది ఆయనకి. ఒక కార్తీకమాసంలో ఇంక ఊరు కనబడుతుందనగా తుఫాను పట్టుకుంది. ఓడ పోయింది. అందులో ఉన్న కొడుకులిద్దరూ, కళాసీలూ పోయారు. సముద్రం ఒక్క సోమలింగాన్నే తిరిగిచ్చింది. మడచెట్ల వేళ్లలో చిక్కుకుని ఉంటే జాలరులు తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు.

ఆయన భార్య కనకరత్నం ఏడవలేదట. పక్కన కూచుని, కొబ్బరిపీచు పోగొకటి తీసి, ఆయన కుడిచేతిని మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, రెండు కొసలా ముడులేసుకుని కొంగున కట్టుకుంది. కర్మకాండ అయ్యాక ఆ పోగు పట్టుకుని వీర్లంకయ్య మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"దీని కొలతకి కర్ర కొయ్యి మేస్త్రీ. ఓడ కట్టాలి."

వీర్లంకయ్య ఆ పోగుని తన చేతిమీద పరిచాడు. వడ్రంగి చెయ్యి, పెద్దది. అయినా పోగు రెండు వేళ్ల మేర బయటికి మిగిలింది.

"సోమలింగంగారు నాకన్నా పొట్టి కదండీ అమ్మగారూ?"

"నీళ్లలో నానారు కదా మేస్త్రీ" అంది ఆవిడ, సెనగలు నానాయన్నంత మామూలుగా.

మేస్త్రి ఎండిన టేకులో నన్ను కోసి, నునుపు చేసి, ఒక పక్క తన గుర్తు కాల్చి వేశాడు. ఎండుటేకు అన్నానా, పుట్టిన దగ్గర నుంచీ నేను ఆరలేదు. ఎండలో పెట్టినా ఒంటినిండా తేమే. నన్ను పట్టుకున్నవాళ్లు చెయ్యి లుంగీకి తుడుచుకునేవారు. తుడుచుకున్నచోట ఉప్పు చారలు కట్టేవి.

"ఎంత ఓడ కావాలండీ?" అని అడిగాడు మేస్త్రి.

"అందరూ పట్టేటంత."

సరుకూ, కళాసీలూ అనుకున్నాడతను. ఆవిడ అరుగు మీద కూచుని నెమ్మదిగా చెప్పింది. మిట్టమధ్యాహ్నం వంటిల్లు కడుక్కుని నడుం వాలిస్తే ఆయన వచ్చి పెరట్లో నిలబడుతున్నారట. ఒంటి మీంచి నీళ్లు కారుతూ ఉంటాయట. లోపలికి రమ్మంటే రారట. తానొక్కడే కాదట, పిల్లలున్నారట, కళాసీలున్నారట, అంతకుముందు పోయిన ఓడల వాళ్లున్నారట. పాత ఉప్పెనలో కొట్టుకుపోయిన మూడూళ్ల జనమూ అక్కడే ఉన్నారట.

"అందరూ నిలబడే ఉన్నారంట మేస్త్రీ. కూచోడానికి అక్కడేమీ లేదంట. నిలబడి నిలబడి కాళ్లు పీకేస్తున్నాయంట. ఓ ఓడ ఉంటే కూచుంటాం రత్నం అంటారు."

వీర్లంకయ్య ఏటికేసి చూశాడు. అతని తండ్రి పాత ఉప్పెనలో పోయాడు. శవం దొరకలేదు.

"మా అయ్య కూడా ఉంటాడాండీ అందులో?"

"వీపు మీద పెద్ద పుట్టుమచ్చ, ఆయనేనా? ఉన్నారు. మా ఆయన పక్కనే."

ఆ మచ్చ సంగతి ఆవిడకి ఎలా తెలుసో అతను అడగలేదు. నన్ను నడుముకి దోపుకున్నాడు.

అందరూ పట్టాలంటే ఎంత ఓడ? దీనికోసం కనకరత్నం తన అరుగు మీద పెద్దల్ని కూచోబెట్టింది. పురాణం చెప్పే శాస్త్రులుగారు వచ్చారు. ప్రళయంలో దేవుడు చేప అయి తన కొమ్ముకి కట్టుకుని లాగిన ఓడ కొలత ఎక్కడా చదవలేదు కానీ, తమ తాతగారు మాత్రం ఆమడ పొడుగని చెప్పేవారన్నారు. మిషను పాదిరీగారు తమ గ్రంథంలో కొలత స్పష్టంగా ఉందన్నారు. పొడుగు మూడు వందల మూరలు, వెడల్పు యాభై, ఎత్తు ముప్పై. మేస్త్రి తమ్ముడు బంగారి, ఓడలు నడిపే సరంగు. కాకినాడ బయట లంగరేసిన పొగఓడ ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాడట. అది రెండువందల అరవై మూరలుంటుందన్నాడు.

"కాకపోతే అది ఇనుమండి" అన్నాడు.

"ఇనుము మీద ఎలా కూచుంటారు? ఒంట్లో వేడి ఉన్న మనకే చల్లగా తగుల్తుంది, ఇంక వాళ్లకి? కొయ్యే కావాలి" అంది కనకరత్నం.

"మరి మన గోదీలో దిగినవాటిలో పెద్దదెంత?" అని అడిగారు పాదిరీగారు.

"ఎనభై మూరలండి. దాన్ని చూడ్డానికి జనం తిరణాలకొచ్చినట్టు వచ్చారంట" అన్నాడు మేస్త్రి.

నోటిమాటతో ఎవరికీ అంతు చిక్కలేదు. అందుకని సముద్రం వెనక్కి తీసిన వేళ మేస్త్రి అందర్నీ సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లాడు. తడి ఇసుక మీద నన్ను పొర్లిస్తూ గీతలు గీశాడు. ఎనభై మూరల గీత అందరూ ఇట్టే చూడగలిగారు. దాని పక్కన పొగఓడ గీత గీసేసరికి బంగారి చివర నిలబడి కేకేస్తే గానీ వినబడలేదు. మూడు వందల గీత జాలరుల పాకలు దాటి, వలలారేసే గుంజలు దాటిపోయింది.

"ఆమడ కూడా గీసేద్దామా అండీ? అయితే అవతలూరి మునసబుగారి సెలవు తీసుకోవాలి" అన్నాడు బంగారి. శాస్త్రులుగారు కూడా నవ్వారు.

నవ్వు ఆగాక అందరూ వెనక్కి చూశారు. ఎనభై మూరల గీత పక్కన మేస్త్రి అడుగులే ఉన్నాయి. పొగఓడ గీత పక్కన మేస్త్రివీ, బంగారివీ. మూడు వందల మూరల గీత పక్కన మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా బారులు తీరి ఎవరో నిలబడ్డట్టు పాదాల గుంటలున్నాయి. పెద్దవీ, చిన్నవీ. వేళ్లన్నీ ఊరివైపు తిరిగి ఉన్నాయి. ఒక్కో గుంటలో అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి.

పాదిరీగారు పొద్దెక్కిందని వెళ్లిపోయారు. శాస్త్రులుగారు ఏదో మంత్రం గొణుక్కుంటూ ఆయన వెనకే నడిచారు. మతాలు వేరైనా ఆ ఇద్దరూ పక్కపక్కన అంత వేగంగా నడవడం బలుసురేవు అంతకుముందు చూడలేదు.

"నూట ఇరవై మూరలు కడతానమ్మగారూ" అన్నాడు వీర్లంకయ్య చివరికి. "అంతకి మించి నావల్ల కాదు. నావల్లేంటి, కొయ్యవల్ల కాదు. చెట్టు ఎంత పొడుగుంటే దూలం అంత. ఆపైన అతుకే. అతుకు మీద అతుకేసుకుంటూ పోతే కెరటం నడుం కింద దూరినప్పుడు తలా తోకా వేలాడతాయి. తలా తోకా రెండు కెరటాల మీదుంటే నడుం వేలాడుద్ది. పలకలు నోళ్లు తెరిచేస్తాయి. నూట ఇరవయ్యే ఎక్కువండి."

"మొదలుపెట్టు. తరవాత చూద్దాం" అంది ఆవిడ.

కట్టారు. ఉన్నదంతా అమ్మి టేకు తెప్పించింది కనకరత్నం. ఓడకి వెన్నులాంటి అడుగుదూలాన్ని గోదీలో పరిచి, పక్కటెముకల్లాంటి వంపు కొయ్యలు నిలబెట్టారు. ప్రతి ఎముకకీ మధ్య ఎడం నేనే. ఎక్కడ చూసినా నేనే. ఇంత మందికి ఇన్నిసార్లు చెయ్యి చాపినవాడు ఊళ్లో ఇంకెవరూ లేరు.

పలకలు కొట్టడం మొదలయ్యాక పనివాళ్లు మధ్యాహ్నం ఓడలో అన్నం తినడం మానేశారు. సుత్తి చప్పుడు ఆగగానే లోపల మరో చప్పుడు మొదలయ్యేది. పెళ్లిపందిట్లో విస్తళ్లు వేసేముందు జనం సర్దుకుని కూచుంటారే, అలాంటి చప్పుడు. బట్టల రాపిడి. మోకాలు విరుచుకున్న చిటుకు. ఒకసారి పసిపిల్ల దగ్గు. వెళ్లి చూస్తే ఎవరూ ఉండేవారు కారు. నేలమీద పొట్టు మాత్రం తడిసి ఉండేది.

కనకరత్నం రోజూ వచ్చి పలకకి చెవి ఆనించి వినేది. ఒకరోజు నవ్వుకుంటూ వెళ్లేది. ఒకరోజు తల అడ్డంగా ఊపేది.

"ఇంకా బయటే ఉన్నారు మేస్త్రీ. చాలట్లేదు."

"కొయ్య అండి అమ్మగారూ, కొయ్య" అనేవాడు వీర్లంకయ్య.

పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం పోసి, పున్నమిపోటు వేళ గోదీ గట్టు తెగ్గొట్టారు. ఎండ నెత్తిమీదుంది. ఏటినీళ్లు లోపలికి దూకాయి. నూట ఇరవై మూరల కొయ్య ఒక్కసారి ఒళ్లు విరుచుకుని తేలింది. ఊరంతా గట్టున నిలబడి కేకలేసింది. ఆ కేకలు సగంలోనే ఆగిపోయాయి.

ఖాళీ ఓడ నీళ్ల మీద బెండులా ఎత్తుగా తేలాలి. సరుకెక్కితేనే దిగుతుంది. ఈ ఓడ చూస్తుండగానే దిగడం మొదలుపెట్టింది. లోపల బియ్యపుగింజ కూడా లేదు. అయినా దిగుతూనే ఉంది. బస్తాలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నట్టు కాసేపు ఆగి, ఇంకాస్త దిగి, మళ్లీ ఆగుతోంది. గట్టునున్న వీర్లంకయ్య వంగి నాతో కొలిచాడు. నీళ్లకీ ఓడ అంచుకీ మధ్య సరిగ్గా నేను పట్టాను. ఆ తరవాత నేనూ పట్టలేదు.

తలా తోకా కిందికి వాలి, నడుం పైకి లేచింది. పలకలు మూలగసాగాయి. కనకరత్నం అప్పటికే లోపలుంది.

"నేను ఈ ఓడ నడపనన్నయ్యా. నువ్వు కూడా ఎక్కకు" అన్నాడు బంగారి. అతని వెనక నిలబడ్డ కళాసీలు ఒక్కొక్కరే జారుకుంటున్నారు.

"ఆవిణ్ణి దింపాలి కదరా."

వీర్లంకయ్య నన్ను నడుముకి దోపుకునే ఎక్కాడు. నిచ్చెన దిగి ఓడ కడుపులోకి వెళ్లాం. అక్కడ ఎవరూ లేరు, చివర కూచున్న కనకరత్నం తప్ప. సందుల్లోంచి సన్నగా నీళ్లు చిమ్ముతున్నాయి.

"అమ్మగారూ!" అని గట్టిగా పిలిచాడు.

ఖాళీ ఓడలో మాట మోగాలి. ఎన్ని ఓడల కడుపుల్లోనో అతను కేకేసి తన గొంతు తనే విన్నవాడు. ఇక్కడ మోగలేదు. జనం కిక్కిరిసిన గదిలోలా మాట అతని నోటి ముందే అణిగిపోయింది. ఆవిడ దగ్గరికి అతను తిన్నగా నడవలేదు. పక్కకి ఒరుగుతూ, అక్కడక్కడ ఆగుతూ, కాలు చూసుకుని వేస్తూ వెళ్లాడు. ఎందుకలా నడిచాడో అతనికే తెలుసు.

"దిగండమ్మగారూ. ఓడ విరిగిపోద్ది."

"గట్టున ఇంకా ఎంతమందో ఉన్నారు మేస్త్రీ. మా చిన్నాడికి చోటు దొరకలేదు. ఇంకొంచెం పెంచలేవా?"

"పెంచలేనండి."

"ఆమడ పొడుగు ఓడ కట్టినవాళ్లున్నారన్నారు కదా శాస్త్రులుగారు?"

మేస్త్రి ఆవిడ ఎదురుగా గొంతుక్కూచున్నాడు. నీళ్లు మడమల దాకా వచ్చాయి.

"ఆ ఆమడ ఓడలో ఎంతమంది ఎక్కారో అడిగారాండీ? ఒక రాజు, ఏడుగురు ఋషులు, కాసిని విత్తనాలు. పాదిరీగారి ఓడలో ఒక్క సంసారం, గొడ్డూ గోదా. అంతంత ఓడలు! మిగతా జనం ఏమయ్యారు? తలుపేసుకున్నారండి. బయట తడుతూనే ఉండుంటారు. అందరూ పట్టే ఓడ కథల్లో కూడా ఎవరూ కట్టలేదమ్మగారూ. నేనెంతవాణ్ణి?"

భర్త శవం దగ్గర ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి.

"అయితే ఎవర్ని దింపమంటావు? నోరెలా వస్తుంది?"

"ఎవర్నీ వద్దు. మనిద్దరం దిగుదాం. మీ చోట్లో మీ చిన్నబాబు కూచుంటాడు. నా చోట్లో ఇంకెవరో కూచుంటారు. మనకి నేలుంది కదండీ."

ఆవిడ లేచింది. తను కూచున్న పలకని కొంగుతో తుడిచింది. "రా నాన్నా, కూచో" అంది. మేస్త్రి నిచ్చెన దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎటు చూడాలో తెలియక, ఆ చీకటంతటికీ కలిపి "అయ్యా, వెళ్లొస్తాను" అన్నాడు.

గట్టెక్కాక బంగారి చేత మోకులు నరికించారు. పోటు తీసింది. తెరచాప లేదు, చుక్కాని పట్టే చెయ్యి లేదు. ఆ ఓడ ఏరు పట్టుకుని సముద్రం వైపు వెళ్లింది. ఏటిమొగలో ఇసుకతిప్పలు ముదురు సరంగులకే భయం. వాటిని ఒక్కొక్కటే ఒడుపుగా తప్పించుకుంది.

"ఈ మొగ తెలిసినవాడెవడో తోలుతున్నాడు" అన్నాడు బంగారి మెల్లగా.

నీళ్లు నీలం రంగుకి తిరిగే చోట ఓడ ఒరగలేదు, బోర్లాపడలేదు. ఉన్నదున్నట్టు కిందికి దిగిపోయింది. తరవాత నీళ్లు మామూలుగా ఉన్నాయి.

కనకరత్నం ఆ మధ్యాహ్నం నిద్రపోయింది. పెరట్లోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది.

ఆవిడ బతికుండగానే మనుషులు తమ పని మొదలుపెట్టారు. సంతలో ఆ ఓడ నూటయాభై మూరలయింది. పక్కూళ్లో రెండు వందలు. ఒక పొగఓడ కెప్టెను చూసి తన ఓడ చిన్నదైపోయిందని సిగ్గుపడ్డాడని ఎవరో పాట కట్టారు. పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి ఆమడకి చేరింది. కథలో ఓడ పెంచడానికి టేకు అక్కర్లేదు, అతుకులు అక్కర్లేదు. ఎవరైనా వచ్చి కనకరత్నాన్నే అడిగితే మాత్రం ఆవిడ ఒకే మాట చెప్పేది. "నూట ఇరవై. చాలలేదు."

వీర్లంకయ్య పోయాక నేను బంగారి ఇంటికి చేరాను. వాళ్ల కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా నన్ను అడ్డం పెట్టేవారు. నా తేమకి చెక్క కుళ్లుతోందని ఓ కోడలు తీసి అటక మీద పారేసింది. అక్కణ్ణుంచి పట్నంలో మ్యూజియానికి వచ్చాను. అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, ముందు ఒక చీటీ పెట్టారు. 'బట్టలు కొలిచే కర్ర. కాలం తెలియదు.' అద్దం లోపలివైపు రోజూ చెమర్చేది. ఊడ్చే మనిషి రోజూ తుడిచి, పైకప్పు కారుతోందని పైవాళ్లకి చెప్పేది.

మొన్నామధ్య బలుసురేవు బయట సముద్రంలో ఓడలదారి లోతు చేస్తుంటే యంత్రానికి పెద్ద కొయ్య తగిలింది. పైకొచ్చిన ముక్కమీద కాల్చిన గుర్తు ఒకటుంది. మునిగిన ఓడల్ని పరిశోధించే డాక్టర్ సువర్చల ఆ గుర్తే నామీదా ఉందని కనిపెట్టి, మ్యూజియం వాళ్లని అడిగి నన్ను తీసుకుని పడవలో అక్కడికి వచ్చింది. తెలివైన మనిషి. పైకొచ్చిన ముక్కలో పక్కటెముకల ఎడానికీ నాకూ లెక్క కట్టి, "కనకరత్నం చెప్పిన మాటే నిజం. నూట ఇరవై మూరలంటే అరవై మీటర్లు. అప్పటికి అదే ఘనం" అని తన పుస్తకంలో ముందే రాసేసుకుంది.

పడవని ఓడ ఒక చివర మీద నిలిపాక, ఈతలో ఆరితేరిన లోవరాజు వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, టేపు కొస పట్టుకుని నీళ్లలోకి దిగాడు. వంద మీటర్ల టేపు. చుట్ట పడవలో గిరగిరా తిరిగింది. అరవై దాటింది. టేపు అడుగున ఎక్కడో వంగి ఉంటుందనుకుంది సువర్చల. ఎనభై దాటింది. చివరికి చుట్ట టక్కున ఆగి, పడవ ఆ వైపుకి ఒరిగింది.

కాసేపటికి లోవరాజు పైకొచ్చాడు. పడవ అంచు పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాడు.

"టేపు అయిపోయింది మేడమ్. ఓడ అవ్వలేదు."

"అలా ఉండదు లోవరాజూ. కొయ్య ఓడ అంత పొడుగు నిలవదు. రెండు ఓడలు ఒకదాని పక్కనొకటి పడుంటాయి."

"ఒకటేనండి. తడుముకుంటూ వెళ్లాను. టేపు అరవై దాటాక కొయ్యకి నాచు లేదు, గుల్లలు లేవు. ఇవాళ చెక్కినట్టు తెల్లగా ఉంది."

అతను పిడికిలి తెరిచాడు. అందులో చిత్రిక పట్టిన టేకు పొట్టు, చుట్ట విడకుండా ఉంది. సువర్చల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తరవాత నీళ్లకేసి చూసింది. నాకేమీ ఆశ్చర్యం లేదు. మునిగినవాళ్లలో వడ్రంగులు లేరని ఎవరన్నారు?

"ఇంకో టేపు కట్టిస్తాను. ఇంకొక్కసారి దిగుతావా?" అని అడిగింది ఆవిడ.

"దిగను మేడమ్."

"ఏం? అక్కడ లోతెక్కువా?"

"కాదండి." లోవరాజు వెనక్కి చూడకుండా పడవలోకి ఎక్కాడు. "టేపు అయిపోయాక ఆ చివర కాసేపు ఆగాను. ఎవరో పక్కకి జరిగి, కూచోమని నాకు చోటిచ్చారు."